ఒత్తిడి ఎప్పుడు ముగుస్తుంది?

ఒత్తిడి అనగానే ముందుగా పెద్ద కష్టాలే గుర్తొస్తాయి. అయినవాళ్ళ చావు, విడాకులు, ఉద్యోగం పోవడం, అప్పులపాలవడం. మొదట్లో పరిశోధకులూ అలాగే అనుకున్నారు. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే అమెరికన్ సైకియాట్రిస్టులు జీవితంలో జరిగే 43 సంఘటనలకు మార్కులు వేసి ఓ పట్టిక తయారు చేశారు. భర్త లేదా భార్య మరణానికి 100, పెళ్ళికి 50. ఏడాదిలో జరిగినవాటి మార్కులన్నీ కూడితే ఆ మనిషి జబ్బుపడే అవకాశం ఎంతో చెప్పొచ్చని వాళ్ళ లెక్క. పెళ్ళి లాంటి శుభకార్యానికీ మార్కులు పడటం చాలామందికి వింతగా తోచింది. అది వింతేమీ కాదు, పెళ్ళి చేసి చూసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు. అసలు లోటు వేరే చోట ఉంది. ఆ పట్టికలో ఉన్నవేవీ జరగని ఏడాదిలో కూడా మనుషులు నలిగిపోతూనే ఉంటారు.

ఆ లోటును 1981లో రిచర్డ్ లాజరస్ బృందం పట్టుకుంది. నడివయసు వాళ్ళ చేత నెలనెలా తమ రోజువారీ చికాకులను గుర్తు పెట్టించారు. బరువు పెరుగుతోందన్న దిగులు, ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం, పెరిగే ధరలు, ఎంత చేసినా తరగని పనులు, ఎక్కడో పెట్టి మర్చిపోయిన వస్తువులు. తీరా చూస్తే పెద్ద సంఘటనల కంటే ఈ చిన్నాచితకా విషయాలే వాళ్ళ మానసిక ఇబ్బందులతో ఎక్కువగా ముడిపడి ఉన్నాయి. "ఇంత చిన్నదానికి అంత టెన్షన్ ఎందుకు?" అని ఇంట్లో, ఆఫీసులో తేలిగ్గా తీసిపారేసే మాట ఈ లెక్కన సరికాదు.

గోరంత చికాకు కొండంత కష్టం కంటే ఎక్కువ ఎలా కుంగదీస్తుంది? పెద్ద కష్టానికి చాలాసార్లు ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. చుట్టూ నలుగురు చేరతారు, సెలవు దొరుకుతుంది, పలకరింపులు ఉంటాయి. రోజువారీ చికాకుకు ఇవేవీ ఉండవు. ముఖ్యంగా దానికి ముగింపు ఉండదు. ఒత్తిడి చేసే హాని దాని సైజును బట్టి కంటే, అది ఎంతసేపటికి ముగుస్తుందన్నదాన్ని బట్టే ఎక్కువగా ఉంటుంది. మానసిక దృఢత్వం గురించి చెప్పుకునే మాటల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క సంగతిని వదిలేసి, మనిషి ఎంత మోయగలడు అన్నదాని చుట్టూనే తిరుగుతాయి.

శరీరం ఏం చేస్తుంది?

ప్రమాదం ఎదురైతే శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుందని 1915లో వాల్టర్ కానన్ వివరించాడు. సెకన్లలో అడ్రినలిన్ విడుదలై గుండె దడ మొదలవుతుంది, కండరాలకు రక్తం పెరుగుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. ఆ వెనకే నెమ్మదైన రెండో వ్యవస్థ కదులుతుంది. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, అది మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకు సంకేతం పంపితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ విడుదలవుతుంది. ఒత్తిడి మొదలైన 20 నుంచి 30 నిమిషాలకు రక్తంలో దాని స్థాయి బాగా పెరుగుతుంది.

అంతగా ఎవరూ చెప్పుకోని భాగం దీని తర్వాతది. పెరిగిన కార్టిసాల్ తిరిగి మెదడుకు చేరి, "ఇక చాలు" అని తన ఉత్పత్తిని తానే ఆపించుకుంటుంది. అంటే ఈ ఏర్పాటులోనే ముగింపు కూడా ఉంది. కాసేపు ఉద్రేకపడి, పని చూసుకుని, మళ్ళీ కుదుటపడటానికి తయారైన యంత్రాంగం ఇది. పరీక్షకు ముందు, వేదిక ఎక్కేముందు వచ్చే ఒత్తిడి ఇలాంటిదే. దానివల్ల నష్టం లేదు సరికదా, దృష్టి పదునెక్కుతుంది కూడా.

చిక్కంతా ఆ ముగింపు రానప్పుడే. 1936లో హాన్స్ సెల్యే ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో దీని మొదటి రూపం కనిపించింది. చలి, గాయం, అతిశ్రమ, ఏది పెట్టినా వాటి శరీరాలు ఒకే తీరుగా స్పందించాయి. మొదట ఉలికిపాటు, తర్వాత తట్టుకోవడం, ఇంకా కొనసాగితే చతికిలబడటం. 1993లో బ్రూస్ మెక్‌యూవెన్, ఇలియట్ స్టెల్లర్ దీన్ని మరో మెట్టు ముందుకు తీసుకెళ్ళారు. సర్దుకోవడానికి శరీరం పడే శ్రమ ఏళ్ళ తరబడి పేరుకుపోతే ఆ అరుగుదలే రక్తపోటుగా, గుండె జబ్బుగా, జ్ఞాపకశక్తి తగ్గడంగా బయటపడుతుందని వివరించారు.

ముగింపు ఎంత ముఖ్యమో తేల్చిన పరిశోధన ఒకటి 1998లో వచ్చింది. షెల్డన్ కోహెన్ బృందం 276 మంది వాలంటీర్ల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి, ఎవరికి జలుబు చేస్తుందో చూసింది. నెలలోపు తేలిపోయిన ఒత్తిడి, అది తీవ్రమైనదైనా సరే, జలుబు అవకాశాన్ని పెంచలేదు. నెల దాటి సాగినది పెంచింది. అంతకుముందు, 1995లో, జానిస్ కీకాల్ట్-గ్లేసర్ బృందం మతిమరుపు వ్యాధి వచ్చిన బంధువులకు సేవ చేస్తున్న 13 మంది మహిళల చేతిపై 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, అది ఎన్నాళ్ళకు మానుతుందో లెక్కగట్టింది. అదే వయసు వాళ్ళలో మిగతావారికి సగటున 39 రోజుల్లో మానిన గాయం, వీళ్ళకు మానడానికి దాదాపు 49 రోజులు పట్టింది. అదే చర్మం, అదే గాయం. తేడా అంతా ఇంట్లో ఎప్పటికి దిగుతుందో తెలియని భారం.

రాత్రి పదింటి మెసేజ్

బయట అయిపోయిన విషయాన్ని లోపల అయిపోనివ్వకుండా పట్టుకునేది ఆలోచన. ఉదాహరణకు రాత్రి పదింటికి పై అధికారి నుంచి ఓ మెసేజ్ వస్తుంది: "రేపు ఒకసారి కలవండి, మాట్లాడాలి." అంతే. అందుకున్న మనిషి "సరేనండి" అని జవాబిచ్చి ఫోన్ పక్కన పెడతాడు. రెండు నిమిషాలకు మళ్ళీ తీస్తాడు. జవాబు చూశారా లేదా? చూశారు. మరి ఇంకేం రాయలేదేం? మంగళవారం పంపిన రిపోర్టు గుర్తొస్తుంది. అందులో మూడో పేజీలో అంకెలు సరిచూసుకోలేదేమో. లేచి లాప్‌టాప్ తెరుస్తాడు. అంకెలు సరిగానే ఉన్నాయి. అయితే ఇంకేదో అయ్యుంటుంది. కిందటి నెల మీటింగులో కాస్త ఎదురు మాట్లాడినదా? పదకొండున్నరకు ఉద్యోగం పోయినట్టు, ఇంట్లో ఎలా చెప్పాలో, కొత్త ఉద్యోగానికి ఎవరిని అడగాలో దాకా ఆలోచన వెళ్ళిపోతుంది. పక్క మీద గుండె చప్పుడు చెవిలో వినిపిస్తుంటుంది. మర్నాడు ఆ మీటింగ్ నాలుగు నిమిషాలు. విషయం, వచ్చే నెల సెలవులు ఎవరెవరికి ఎప్పుడు అన్నది.

నాలుగు నిమిషాల మాటకు శరీరం రాత్రంతా యుద్ధం చేసింది. తలుచుకుంటున్న ప్రమాదానికీ ఎదురుగా ఉన్న ప్రమాదానికీ గుండెకు, గ్రంథులకు పెద్ద తేడా తెలియదు. ఇలా తవ్వి తవ్వి ఆలోచించడమే ఒత్తిడిని అసలు సంఘటనకు ముందూ వెనకా సాగదీస్తుందని 2006లో యోస్ బ్రోస్‌హాట్, విలియం గెరిన్, జూలియన్ థేయర్ ప్రతిపాదించారు.

"ఆలోచించకు" అనే సలహా ఇక్కడ పనికిరాదు. వద్దనుకున్న కొద్దీ అదే గుర్తొస్తుంది. పనిచేసేది ఆలోచనకు ఓ చోటు చూపించడం. 1983లో టామ్ బోర్కోవెక్ బృందం పరీక్షించిన పద్ధతి వినడానికి కాస్త నవ్వొచ్చేలా ఉంటుంది. దిగులు పడటానికే రోజూ ఒకే చోట, ఒకే వేళకు అరగంట కేటాయించుకోవాలి. మిగతా సమయంలో దిగులు వస్తే "సాయంత్రం చూద్దాం" అని వాయిదా వేయాలి. అలా చేసినవాళ్ళకు ఆందోళన తగ్గింది. ఆ అరగంట వచ్చేసరికి సగం దిగుళ్ళు వాటంతటవే చల్లారిపోయి ఉంటాయన్నది ఈ పద్ధతి పాటించేవాళ్ళకు తరచూ ఎదురయ్యే అనుభవం.

పూర్తికాని పనుల సంగతీ ఇంతే. సగంలో ఆగిన పని మనసులో మెదులుతూనే ఉంటుంది. దాన్ని పూర్తి చేస్తేనే శాంతి అనుకుంటాం కానీ, ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా ప్లాన్ వేసుకున్నా చాలు, ఆ మెదలడం ఆగుతుందని 2011లో మాసికాంపో, రాయ్ బామైస్టర్ చూపించారు. 2018లో మైకేల్ స్కల్లిన్ బృందం దీన్ని నిద్ర ల్యాబులో పరీక్షించింది. పడుకోబోయే ముందు 5 నిమిషాలు, కొందరు రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాశారు, మిగతావాళ్ళు ఇప్పటికే పూర్తిచేసినవి రాశారు. చేయాల్సినవి రాసినవాళ్ళు సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది. "బ్యాంకు పని" అని రాయడం వేరు, "గురువారం ఉదయం బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాలి" అని రాయడం వేరు. మొదటిదాన్ని మనసు పూచీగా తీసుకోదు.

నొక్కని బటన్

ఈ విషయంలో అన్నిటికంటే ఆలోచింపజేసే ప్రయోగం డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్‌లది. 1972లో అచ్చయిన ఈ పరిశోధనలో మనుషులను గదిలో కూర్చోబెట్టి ఏదో పని చేయమన్నారు. మధ్యమధ్యలో, ఎప్పుడొస్తుందో తెలియకుండా పెద్ద రొద వినిపించారు. అదీ మామూలు రొద కాదు. టైప్‌రైటర్, లెక్కల యంత్రం, కాపీలు తీసే మెషీన్ చప్పుళ్ళు, స్పానిష్‌లో మాట్లాడుకునే ఇద్దరు, అర్మేనియన్‌లో మాట్లాడే ఒకరు, అన్నీ ఒకదాని మీద ఒకటి. కొందరికి మాత్రం ఓ బటన్ ఇచ్చి, "కావాలంటే ఇది నొక్కి రొద ఆపేయొచ్చు, నొక్కకపోతే మాకు ఇంకా మంచిది" అన్నారు. దాదాపు ఎవరూ నొక్కలేదు. అంటే రెండు గుంపులూ విన్నది ఒకే రొద, అదే సేపు.

రొద ఆగిన తర్వాత తేడా తెలిసింది. అచ్చుతప్పులు దిద్దే పని ఇస్తే బటన్ లేనివాళ్ళు ఎక్కువ తప్పులు వదిలేశారు. పరిష్కారమే లేని చిక్కుముడులు ఇస్తే త్వరగా చేతులెత్తేశారు. బటన్ ఉన్నవాళ్ళు పట్టువదలకుండా ప్రయత్నించారు. అవసరమైతే ఆపగలమన్న నమ్మకం ఒక్కటే ఇంత తేడా తెచ్చింది.

స్టీవెన్ మేయర్, మార్టిన్ సెలిగ్మన్‌ల కథ కూడా ఇక్కడికే వస్తుంది. 1967లో వాళ్ళు తప్పించుకోలేని కరెంటు షాకులు తిన్న కుక్కలు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడి ఉండటం చూసి, నిస్సహాయత నేర్చుకునేదని తేల్చారు. ఈ సిద్ధాంతం పాఠ్యపుస్తకాల్లోకెక్కింది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, మెదడు మీద జరిగిన పరిశోధనలను చూసి వాళ్ళే దాన్ని తిరగేశారు. దీర్ఘకాలం కష్టం ఎదురైతే చతికిలబడటం మెదడుకు పుట్టుకతో వచ్చిన స్పందనేనట. నేర్చుకునేది దానికి విరుగుడు. "నా చేతిలో ఏదో ఉంది" అని ముందుమెదడు గుర్తిస్తే, ఆ చతికిలబాటును అదే అణచిపెడుతుంది. ఒకసారి అలా నేర్చుకున్న మెదడు తర్వాతి కష్టంలోనూ నిలబడుతుంది. నీరసించిపోయిన మనిషిని సోమరి అని తిట్టేవాళ్ళు ఇది తెలుసుకోవాలి.

అందుకే పూర్తిగా చేయి దాటిపోయినట్టు కనిపించే పరిస్థితిలోనూ ఓ చిన్న బటన్ వెతుక్కోవడం వృథా ప్రయాస కాదు. పని తగ్గించుకోలేకపోయినా ఏది ముందు చేయాలో ఎంచుకోవచ్చు. ఫోన్ కాల్స్ ఆపలేకపోయినా ఏ వేళ తర్వాత జవాబివ్వరో ముందే చెప్పొచ్చు. అయితే అన్నిటికీ బటన్ ఉండదు. లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో చెప్పిన విభజన ఇక్కడ అక్కరకొస్తుంది. మార్చగలిగే విషయమైతే సమస్య మీద పని చేయాలి, మార్చలేనిదైతే దానివల్ల కలిగే బాధ మీద పని చేయాలి. చాలామంది దెబ్బతినేది ఈ రెండూ తారుమారు చేసినప్పుడే. కట్టాల్సిన బిల్లును కట్టకుండా ధ్యానంలో కూర్చుంటారు, వచ్చేదాకా తామేమీ చేయలేని పరీక్ష ఫలితం గురించి మాత్రం రాత్రింబవళ్ళు లెక్కలు వేస్తారు.

ఊపిరి, నిద్ర, మనుషులు

ఊపిరి సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు, దాని ప్రచారానికి కొదవలేదు. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి ప్రభావం వల్ల నెమ్మదిస్తుంది. కాబట్టి నిమిషానికి ఆరుసార్ల దాకా నెమ్మదిగా ఊపిరి తీస్తూ, వదలడం ఎక్కువసేపు సాగనిస్తే దడ తగ్గుతుంది. అది ఈ పూటకు శరీరాన్ని శాంతింపజేస్తుంది. రేపటి గడువును మాత్రం మార్చదు.

నిద్రను ఇంత తేలిగ్గా దాటేయడానికి లేదు. 2007లో జరిగిన ఓ పరిశోధనలో ఒక రాత్రి నిద్ర లేనివాళ్ళకు మనసు కలచివేసే బొమ్మలు చూపిస్తే, భయానికి స్పందించే మెదడు భాగం అమిగ్డలా నిద్రపోయినవాళ్ళలో కంటే 60 శాతం ఎక్కువగా రేగింది. దాన్ని అదుపులో పెట్టే ముందుమెదడుతో సంబంధం కూడా బలహీనపడింది. ఒత్తిడి నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర మర్నాటి చిన్న మాటను కూడా పుండు మీద కారంలా మారుస్తుంది. ఈ గొలుసు తెంపడానికి పగటి సమస్య తీరేదాకా ఆగక్కర్లేదు. రోజూ ఒకే వేళకు లేవడం, పడకను నిద్రకే ఉంచుకోవడం లాంటి వాటితో నిద్ర వైపు నుంచి మొదలుపెట్టొచ్చు.

మనసులోది కక్కేస్తే భారం దిగిపోతుందన్న నమ్మకం సగమే నిజం. 2002లో బ్రాడ్ బుష్‌మన్ కోపం తెప్పించిన మనుషులను, ఆ కోపం తెప్పించిన వ్యక్తినే తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను కొట్టమన్నాడు. వాళ్ళ కోపం తగ్గకపోగా, ఊరికే కూర్చున్నవాళ్ళ కంటే ఎక్కువైంది. స్నేహితులతో గంటల తరబడి అదే గొడవ మళ్ళీ మళ్ళీ చెప్పుకోవడం కూడా ఇంచుమించు ఇలాంటిదే. మాట్లాడటం మేలు చేసేది, విషయం ఓ కొలిక్కి వచ్చినప్పుడు. "అయితే ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగే మనిషి, "అవునవును, వాళ్ళంతే" అని తాళం వేసే మనిషి కంటే నయం.

అసలు కొన్నిసార్లు మాటే అక్కర్లేదు. 2006లో జేమ్స్ కోన్ బృందం 16 మంది వివాహిత స్త్రీలకు, కరెంటు షాక్ రావచ్చన్న హెచ్చరిక చూపిస్తూ మెదడు స్కాన్ తీసింది. భర్త చెయ్యి పట్టుకుని ఉన్నప్పుడు ప్రమాదానికి మెదడు స్పందన తగ్గింది. అపరిచితుడి చెయ్యి పట్టుకున్నా కొంత తగ్గింది. కాపురం ఎంత బాగుంటే అంత ఎక్కువ తగ్గింది. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బులు లాంటి ఎన్నో కష్టాల మధ్య పెరిగినవాళ్ళలో మూడో వంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్ళలో పదే పదే కనిపించింది, వాళ్ళను నిజంగా పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒకరు ఉండటం. అమ్మమ్మో, టీచరో, పొరుగువాళ్ళో. పంటి బిగువున ఒంటరిగా భరించడమే దృఢత్వం అనుకునేవాళ్ళకు ఈ ఫలితం రుచించదు.

మనిషి వల్ల కానివి

ఇక్కడిదాకా చెప్పినవన్నీ ఒక్కో మనిషి చేసుకోగలిగినవి. వీటితోనే అంతా సరిపోతుందంటే అది అన్యాయం. 1967లో బ్రిటన్‌లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ప్రభుత్వోద్యోగులను ఏళ్ళ తరబడి గమనించింది. బాధ్యతలు నెత్తినున్న పై అధికారులకే గుండె జబ్బులెక్కువని అప్పటి నమ్మకం. జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. అట్టడుగు గ్రేడు మగవాళ్ళు గుండె జబ్బుతో చనిపోవడం పై గ్రేడు వాళ్ళతో పోలిస్తే సుమారు మూడు రెట్లు. పొగతాగడం లాంటివి లెక్కలోంచి తీసేసినా తేడా పూర్తిగా పోలేదు. తర్వాత మైకేల్ మార్మట్ బృందం చేసిన రెండో అధ్యయనంలో తమ పనిపై తమకు అదుపు లేకపోవడం ఇందులో పెద్ద పాత్ర వహిస్తోందని తేలింది. పని ఎక్కువ, నిర్ణయాధికారం తక్కువ అయిన ఉద్యోగమే మనిషిని ఎక్కువగా అరగదీస్తుందని రాబర్ట్ కరసెక్ 1979లోనే చెప్పాడు. మళ్ళీ అదే బటన్ సంగతి, ఈసారి ల్యాబులో కాదు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ను, అంటే పని వల్ల మనిషి పూర్తిగా అలసి నీరుగారిపోవడాన్ని, జబ్బుగా కాకుండా, ఉద్యోగ జీవితంలో సరిగా సంబాళించని దీర్ఘకాలపు ఒత్తిడి ఫలితంగా నిర్వచించింది. ఉద్యోగుల కోసం వారానికో ధ్యానం క్లాసు పెట్టి, రాత్రి పదింటికి మెసేజ్‌లు పంపే కార్యాలయం ఈ నిర్వచనంలో సగం మాత్రమే చదివినట్టు. అలాంటి చోట పనిచేసేవాళ్ళు తట్టుకోలేకపోతే లోపం వాళ్ళ మనసులో వెతకడం దండగ. పని పంపకం, గడువులు, సెలవులు మారాలి, లేదా వీలున్నవాళ్ళు ఆ చోటు మార్చుకోవాలి. ఇది సులువని ఎవరూ అనరు.

రోజువారీ ఒత్తిడి ఎక్కడ ఆగి జబ్బు ఎక్కడ మొదలవుతుందన్నదానికి డాక్టర్లు వాడే కొలతల్లో కాలం ముఖ్యమైనది. రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువ భాగం దిగులుగానో దేని మీదా ఆసక్తి లేకుండానో ఉంటే, నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటే డాక్టర్‌ను కలవాల్సిందే. మద్యం తాగితే తప్ప నిద్రపట్టని స్థితి వచ్చినా అంతే. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, ఆ రోజే దగ్గరి మనిషికో డాక్టర్‌కో చెప్పాలి. ఏం చెప్పాలో తోచనివాళ్ళు ఎన్నాళ్ళుగా ఇలా ఉంది, నిద్ర ఎన్ని గంటలు, ఏ పనులు ఆగిపోయాయి అన్న మూడూ ఓ కాగితం మీద రాసుకుని వెళ్తే సరిపోతుంది. ముందు రక్తపరీక్ష రాసిస్తే కంగారు పడనక్కర్లేదు. థైరాయిడ్ తేడాలు, రక్తహీనత కూడా ఇలాంటి లక్షణాలతోనే వస్తాయి, వాటికి మందు వేరు.